మందు విమానం పక్కన నిలబడినావిడ

ఫొటో కింద ఏం రాసి ఉందో నేను అన్నిటికన్నా చివర చదువుతాను. అసలు చదవకుండా ఉండగలిగితే మరీ మంచిది. ఫలానా చోట, ఫలానా ఏడాది, ఫలానా విమానం అని ఎవరో ధీమాగా రాసేస్తారు. ఇక చూసేవాళ్లందరికీ అదే కనిపిస్తుంది. నాకు మాత్రం ధీమాగా రాసిన ప్రతి మాట మీదా ముందు అనుమానమే కలుగుతుంది.

నూజివీడులో బడిపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఈ వయసులో ఆడవాళ్లకు ఉండాల్సిన వ్యాపకాలేవీ నాకు అబ్బలేదు. భజనకు వెళ్తే పక్కావిడ తాళం తప్పుతోందని చెప్పి వచ్చేస్తాను. నాకు అబ్బింది పాత విమానాల పిచ్చి. ఫోన్లో మాకో గుంపు ఉంది. ఏయే దేశాల వాళ్లో, ఎక్కువగా నా ఈడు మగవాళ్లే. ఎవరో ఒకరు పాత ఫొటో పెడతారు. తోక తెగిపోయి ఉంటుంది, లేకపోతే రెక్క సగమే పడి ఉంటుంది, పేరు ఉండదు, ఊరు ఉండదు. అది ఏ విమానమో చెప్పాలి. చక్రం ఎక్కడుంది, కిటికీలు ఎలా ఉన్నాయి, రెక్కను పట్టి ఉంచే కడ్డీలు పైనుంచి వచ్చాయా కిందనుంచి వచ్చాయా, ఇవన్నీ చూసి తేల్చాలి. తేల్చితే ఎవరూ ఏమీ ఇవ్వరు. తప్పు చెబితే మాత్రం పదిమందీ దులిపేస్తారు.

నాకు ఆ గుంపులో కాస్త పేరు రావడానికి కారణం చీర. ఒకసారి మన దేశంలోనే తీసిన ఫొటో ఒకటి వచ్చింది. పొలంలో చిన్న విమానం, పక్కన నలుగురు ఆడకూలీలు. విమానం తలుపు ఉండాల్సిన వైపు కాకుండా రెండోవైపు ఉంది. ఇది ఎక్కడా లేని రకం అని ఒకరు, కాదు మార్చి కట్టినది అని ఒకరు, వారం పాటు కొట్టుకున్నారు. నేను విమానం వైపు చూడనే లేదు. నలుగురు ఆడవాళ్లకీ పైట కుడి భుజం మీద ఉంది. మన వైపు కట్టులో కుడి భుజం మీద పైట వేసుకునే ఆడమనిషి ఎవరండీ? ఫిలిం తిరగేసి ప్రింటు తీశారని చెప్పాను. తిప్పి చూస్తే తలుపు బుద్ధిగా దాని చోటికి వచ్చి కూర్చుంది.

మా ఆయన మాత్రం దీన్ని తెలివి అనరు. "నువ్వు దేవుడి పటాన్ని కూడా వెనక్కి తిప్పి చూసేదాకా దణ్ణం పెట్టవు" అంటారు. పాలవాడిని అనుమానిస్తాను, మామిడిపండు పచ్చగా నిగనిగలాడితే దేనితో మాగబెట్టారో అని అనుమానిస్తాను, ఆయన వాకింగుకి వెళ్లొచ్చానంటే చెప్పుల అడుగులు చూస్తాను. అది నా తత్వం. మార్చుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఆవిడ మా ఇంటికి వచ్చింది రసాల కాపు అయిపోవచ్చిన రోజుల్లో. మామిడికాయలు గ్రేడింగు చేసి ట్రేలకెత్తే ఆడవాళ్ల ముఠాకి మేస్త్రి. యాభై దాటి ఉంటాయి. మోచేతుల దాకా సొన కాల్చిన మచ్చలు. వాళ్లమ్మాయి ఒకప్పుడు నా దగ్గర చదువుకుంది, అందుకని నాకు ముఖపరిచయం. చంకలో పాత న్యూస్‌పేపరు చుట్టిన పెద్ద పటం ఒకటి పట్టుకుని వరండాలో నిలబడింది.

"టీచరమ్మగారూ, ఇందులో ఉన్నది ఏ విమానమో, ఎప్పటిదో చెప్పాలండి. మీకు తెలుస్తాదని మా అమ్మాయి చెప్పింది."

పేపరు విప్పకముందే నేను అడిగిన మాట, "ఎందుకు?" అని. అలా అడగడానికి కారణం ఉంది. అంతకుముందు రెడ్డిగూడెం నుంచి ఒకాయన ఇలాగే ఫొటో తెచ్చి, విమానం ఏ కాలానిదో రాసి సంతకం పెట్టమన్నాడు. మురిసిపోయి రాయబోయాను. ఆరా తీస్తే అది దాయాదులతో గట్టు తగాదా. ఆ విమానం దిగిన పొలం తన తాతదని కోర్టులో చూపించడానికట. ఆనాటి నుంచి విమానం కన్నా ముందు మనిషిని చూస్తున్నాను.

"పొలం గొడవ ఏమైనా ఉందా?"

"నాకు పొలం ఎక్కడిదండి? ఇల్లు కట్టుకున్నానండి, కాలనీలో. శ్రావణంలో గృహప్రవేశం. మా అమ్మ పటం పెట్టి దండ వేద్దామని."

పటం విప్పింది. రంగుల్లో ఉంది. పచ్చటి విమానం, దాని ముక్కు దగ్గర జెండా కర్ర పట్టుకుని పంచె ఎగ్గట్టిన మనిషి, అతని పక్కన చంకలో పిల్లతో ఒక ఆడమనిషి. ఆ ఆడమనిషి ముఖం టీవీ సీరియల్లో కోడలి ముఖంలా నున్నగా మెరిసిపోతోంది. పటంతోపాటు ప్లాస్టిక్ కవర్లో గంధపు చెక్క దండ, చిన్న ఎర్ర బల్బు. పాత ఫొటోని పెద్దది చేసిన స్టూడియో అతనే ఇవన్నీ కలిపి ఇచ్చాడట.

జెండా కర్ర పట్టుకున్నది వాళ్ల నాన్న. అందులో అనుమానం లేదు, ఆ గడ్డం మీద గాటు చూస్తే ఎవరైనా చెబుతారంది. బాపులపాడు వైపు మాగాణికి విమానంతో మందు కొట్టించిన రోజుల్లో, పక్కనున్న మెట్టలో నేల చదును చేసి విమానం దింపేవారు. ఆ మెట్టకి ఆనుకునే మామిడితోట. తోట కావలికి ఉన్న ఈయన్ని చేను చివర జెండా పట్టుకుని నిలబడమనేవారు. పైనున్నతనికి ఎక్కడినుంచి ఎక్కడిదాకా కొట్టాలో ఆ జెండాయే గుర్తు. మందంతా ముందు ఆ జెండా మనిషి నెత్తినే పడేదట. ఈ మధ్య ఆ తోటవాళ్లు పాత ఇల్లు పడగొడుతూ పెట్టెలు సర్దుతుంటే ఈ ఫొటో దొరికింది, పిలిచి ఇచ్చారు. తోటవాళ్లు ఇన్నాళ్లకి పిలిచి మరీ ఇచ్చారంటే దాని వెనక ఏముందో అని నాకు ఇంకో అనుమానం వచ్చింది గాని, దాన్ని పక్కన పెట్టాను.

"మీ అమ్మేనని నీకు తెలిసినప్పుడు విమానంతో పనేముంది?"

ఆవిడ కొంగుతో పటం అద్దం తుడిచింది. తర్వాత చెప్పింది. వాళ్లమ్మ పోయేటప్పటికి ఈవిడకి నడక కూడా సరిగ్గా రాలేదట. అమ్మ ముఖం తెలియదు, ఒక్క ఫొటో లేదు. ఏడాది తిరక్కుండా వాళ్ల నాన్న భార్య చెల్లెల్నే చేసుకున్నాడు. ఆ పిన్నే ఈవిడని పెంచింది. ఈవిడ తప్ప ఆ ఇంట్లో ఇంకో పిల్ల పుట్టలేదు. నాన్న పోయాక పిన్ని మైలవరంలో తన తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పటికీ ఉంది. వీళ్లిద్దరికీ మాటల్లేవు.

"అక్కాచెల్లెళ్లు కదండి, ఇద్దరూ ఒక్కలాగే ఉండేవారంట. ఆవిడ బతికుంది. రేపు నేను దండేసి దీపం పెట్టాక, ఇది ఆవిడని తేలితే? బతికున్న మనిషికి దండేసిన పాపం నాకెందుకండి. ఆవిడంటే నాకు పడదు, నిజమే. అయినా ఆ పని చెయ్యలేనండి."

"వెళ్లి ఆవిడనే అడగొచ్చుగా."

"ఆవిడ మాట నేను నమ్మనండి." ఆ మాట నా ధోరణిలోనే ఉంది. ఆవిడ మీద నాకు మొదటిసారి ఆపేక్ష కలిగింది.

మళ్లీ తనే అంది. "నా మటుకు నాకు అమ్మేనండి. చూడండి ఎలా ఎత్తుకుందో. పిన్ని నన్ను ఎత్తుకున్న గుర్తు లేదు. జ్ఞానం వచ్చిన కాడి నుంచీ పనే చెప్పింది. ఎత్తుకుందంటేనే తెలుస్తాంది కదండి, అమ్మేనని."

పటం నా బల్ల మీద ఉంచమన్నాను. విమానాన్ని పోల్చడం పెద్ద కష్టం కాదు. రెక్కలు కిందుగా ఉన్నాయి, వాటిని పైనుంచి కడ్డీలు పట్టి ఉంచాయి, పైలట్ కూర్చునే గూడు ఎత్తుగా ఉంది. మందు కొట్టే విమానమే. ఆ పోలికలతో మన వైపు ఎగిరినవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి అమెరికాది, పానీ అంటారు. అరవైలలోనే వచ్చింది. రెండోది బెంగళూరులో చేసిన మన విమానం, బసంత్. అది డెబ్బైల మధ్య దాకా పొలాల మీదికి రానే లేదు, తయారైనవీ కొద్దే. చూడ్డానికి రెండూ ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి గాని తేడా పట్టడం తేలికే. పానీ ముక్కు మీద ప్రొపెల్లర్‌కి రెండు బ్లేడులు, బసంత్‌కి మూడు.

పటంలో ఒక బ్లేడు నిటారుగా పైకి ఉంది, ఒకటి నిటారుగా కిందికి. రెండే. ఆవిడ లెక్క ప్రకారం డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చిన ఏడు తను ఒకటో తరగతి. అంటే అమ్మ పోయింది ఉప్పెనకి నాలుగేళ్ల ముందు. విమానం పానీ అయితే ఫొటో అంతకు ముందుది కావడానికి అడ్డేమీ లేదు.

"మీ అమ్మ ఉన్న రోజుల్లో తీసింది కావచ్చు" అన్నాను. నేను కావచ్చు అన్నాను, ఆవిడకి అవును అని వినిపించింది. పటానికి దణ్ణం పెట్టుకుని, వేళ్లు కళ్లకద్దుకుని, వరండా మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. మా ఆయన మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

అక్కడితో ఊరుకుంటే నేను నేను కాదు. ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే నేను మళ్లీ పటం చూస్తున్నాను. పిల్లని పట్టుకున్న చేతికి వేలు ఒకటి ఎక్కువుంది. విమానం ఒంటి మీది అక్షరాలు ఏ భాషవీ కావు. వెనక మామిడిచెట్లు ఆకుపచ్చ పొగలా కలిసిపోయాయి. అన్నిటికన్నా తేడా విమానం ముక్కు. పానీకి అంత పొడుగు ముక్కు ఉండదు. కంట్లో నలుసులా అది నన్ను వదల్లేదు.

"అసలు ఫొటో ఉందా నీ దగ్గర? చిన్నది?"

"ఉందండి. దాన్ని చూసే కదా పెద్దది చేశాడు. ఏం, నమ్మట్లేదా అండి నన్ను?"

"నిన్ను కాదమ్మా, స్టూడియోని."

మర్నాడు వాళ్లమ్మాయి చేత చిన్న ఫొటో పంపింది. అరచేతిలో ఇమిడేంత బ్లాక్ అండ్ వైట్ ముక్క, అంచులు పళ్లు పళ్లుగా కత్తిరించినవి. దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని భూతద్దంలో చూశాను. పైట చూశాను ముందు, అలవాటు కొద్దీ. ఎడమ భుజమే, ఫిలిం సరిగానే ఉంది. ఆడమనిషి ముఖం అందులో లేదు. ఉంది గాని, పిల్ల వైపు వంగి రెక్క నీడలో నల్లగా, వేలిగోరంత ఉంది. ముక్కు లేదు, కళ్లు లేవు. మరి పటంలోని ఆ చక్కదనాల ముఖం ఎక్కడి నుంచి వచ్చింది?

చిన్న ఫొటోలోనూ ఒక బ్లేడు నిటారుగా పైకే ఉంది. రెండు బ్లేడుల ప్రొపెల్లర్ అయితే రెండోది సరిగ్గా దాని కిందికి ఉండాలి, గడియారంలో పన్నెండుకి ఎదురు ఆరున్నట్టు. ఆ చోట బ్లేడు లేదు. ముక్కు కింద ఖాళీగా ఉంది. ఆ ఖాళీలోంచి దూరంగా సున్నం కొట్టిన మామిడిచెట్టు మొదలు తెల్లగా, స్పష్టంగా కనిపిస్తోంది. అడ్డంగా బ్లేడు ఉంటే ఆ మొదలు కనిపించే దారే లేదు. మిగతా రెండు బ్లేడులు చెరో పక్కకి ఏటవాలుగా వెళ్లాయి. ఒకటి వాళ్ల నాన్న జెండా గుడ్డ వెనక పడింది. రెండోది పిల్ల వీపు వెనక పడింది, దాని నల్లటి కొస పిల్ల భుజం మీదుగా బయటికి కనిపిస్తోంది. మూడు బ్లేడులు, పొడుగు ముక్కు. అది పానీ కాదు, బసంత్.

అప్పుడు పిల్ల కాళ్లు చూశాను. నడక కూడా రాని పిల్ల కాళ్లు కావవి. ఎత్తుకున్నావిడ మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. మూడు నాలుగేళ్ల పిల్ల. ఉప్పెనకి ఏడాదో రెండేళ్లో ముందు మేస్త్రి వయసెంతో అంత వయసు.

నాకు సంతోషం కలగలేదు. మామూలుగా ఇలాంటిది పట్టుకున్న రోజు మా ఆయన్ని ఊదరగొట్టేస్తాను. ఆ రోజు భూతద్దం పక్కన పెట్టి, నేను పొరపడి ఉంటే బాగుండునని కోరుకున్నాను. అలా కోరుకోవడం నా జన్మలో కొత్త.

స్టూడియోకి వెళ్లాను. అతను మర్యాదస్తుడే, కుర్చీ వేశాడు. ముక్కు కింద బ్లేడు ఎక్కడిదని అడిగాను.

"అది కంప్యూటరే వేసుకుంటదండి మేడమ్. పైన ఒకటుంది కదా, కిందది చెరిగిపోయిందేమో అని అదే వేసేసుకుంది. ఇప్పుడంతా ఏఐ అండి."

"ఆవిడ ముఖం?"

"అదీ అదే వేసుకుందండి. బాగా వచ్చింది కదండి?"

బాగా రాలేదని వాదించడానికి ఏముంది. పోలికే లేని ముఖానికి దండ వేసి దణ్ణం పెట్టుకోబోతోంది ఒక మనిషి. ఇన్నాళ్లూ ఫొటోలు అబద్ధం చెప్పవు, వాటి కింద రాసేవాళ్లే చెబుతారు అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ ధైర్యమూ పోయింది.

మనుషుల్ని తీసేసి విమానం మటుకు కత్తిరించి గుంపులో పెట్టాను. సంగతి చెప్పలేదు. చెబితే జాలిపడి నాకు కావలసింది చెబుతారని అనుమానం. అందరూ బసంత్ అనే అన్నారు. అందరూ ఒకే మాట చెప్పినా నాకు నమ్మకం కుదరదు గాని, ఆ మామిడి మొదలుని మాత్రం ఎంత చూసినా అనుమానించలేకపోయాను.

"పోనీలేవే, అమ్మే అని ఉండనీ. నీ సొమ్మేం పోయింది?" అన్నారు మా ఆయన.

"మైలవరంలో బతికున్నావిడకి దండ వేయనివ్వమంటారా?"

"ఆ ముఖం ఎలాగూ ఆవిడది కాదన్నావుగా."

"ఒళ్లు ఆవిడదే. చెయ్యీ ఆవిడదే, వేలు ఒకటి ఎక్కువైనా."

గ్రేడింగు షెడ్డుకి వెళ్లాను. ఆఖరి కాయ వస్తోంది. ఆవిడ ముఠా వరిగడ్డి పరిచిన నేల మీద కూర్చుని, తొడిమలు చూస్తూ ట్రేలు నింపుతోంది. బయటికి పిలిచి చిన్న ఫొటో, భూతద్దం చేతికిచ్చాను. బ్లేడు ఉండాల్సిన చోటు చూపించాను, అక్కడ తెల్లగా కనిపించే మామిడి మొదలు చూపించాను. విమానం రెండో రకందని, అది ఇటు వైపు వచ్చేనాటికి వాళ్లమ్మ లేదని చెప్పాను. తిప్పి తిప్పి చెప్పడం నాకు రాదు.

ఆవిడ భూతద్దం కిందికి దించలేదు చాలాసేపు.

"మొన్న అవునన్నారు కదండి."

"కావచ్చు అన్నాను. అది స్టూడియో వాడు గీసిన బ్లేడు చూసి."

"ఇప్పుడు ఇది కరెక్టని ఏంటండి నమ్మకం? విమానం చెబితే మా అమ్మ అమ్మ కాకుండా పోతాదా?" గొంతు పెంచలేదు, ముఖం మాత్రం బిగిసిపోయింది. "మైలవరం నుంచి మీకెవరైనా ఫోన్ చేశారా అండి?"

నన్ను అనుమానించింది. నేను లోకాన్నంతా అనుమానించినట్టే, అంతే తేలిగ్గా. కోపం వచ్చింది, ఒప్పుకుంటాను. ఇంత చాకిరీ చేస్తే ఇదా అనిపించింది. కానీ నేనే ఆవిడ చోట ఉంటే అదే ప్రశ్న ఇంకా ముందు అడిగేదాన్ని.

"నాకు మీ పిన్ని ఎవరో కూడా తెలియదు. ఒక్కటి మాత్రం చూడు. పిల్ల ముక్కుకి పైట అడ్డం పెట్టి పట్టుకుంది చూశావా? విమానంలోకి మందు నింపుతున్నట్టున్నారు, వెనక డ్రమ్ములున్నాయి. పిల్ల ముక్కుకి పెట్టింది గాని తన ముక్కుకి పెట్టుకోలేదు. పైట అంతవరకే అందింది."

స్టూడియో పటంలో ఆ పైట లేదు. ముఖానికి అడ్డమొస్తోందని కంప్యూటరు తీసేసింది. ఆవిడ భూతద్దం మళ్లీ కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. పెట్టుకుని ఏం చూసిందో, ఫొటో జాకెట్లో దాచుకుని, భూతద్దం నా చేతిలో పెట్టి, వెళ్లొస్తానని కూడా అనకుండా షెడ్డులోకి వెళ్లిపోయింది. నేను ఆటో ఎక్కేటప్పటికి లోపల నుంచి ముఠా వాళ్ల మీద కేకలు వినిపిస్తున్నాయి, కాయ ఒత్తొద్దని.

ఆషాఢమంతా కబురు లేదు. పటానికి దండ వేసేసి ఉంటుందనే అనుకున్నాను. మొండితనం మనుషుల చేత ఏమైనా చేయిస్తుంది. నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. నేను చెప్పకపోయి ఉంటే ఆవిడకి కనీసం ఒక అమ్మ మిగిలేదే అనిపించేది. మళ్లీ వెంటనే, గీసిన బొమ్మ అమ్మ ఎలా అవుతుందని నాకు నేనే విసుక్కునేదాన్ని.

శ్రావణంలో వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ మిమ్మల్ని తప్పకుండా రమ్మంది మేడమ్" అంది. అమ్మ రమ్మందో, అమ్మాయే మర్యాదకి పిలిచిందో అని నాకు సందేహమే. అయినా వెళ్లాను.

రెండు గదుల ఇల్లు. గుమ్మానికి మామిడాకులు, పసుపు, కొత్త సున్నం వాసన. లోపలికి అడుగుపెడుతూనే నా కళ్లు గోడల మీదికి వెళ్లాయి. పెద్ద పటం లేదు. ఎదురు గోడకి మేకు ఉంది. దానికి చిన్న ఫ్రేము వేలాడుతోంది, లోపల ఆ పళ్ల అంచుల అసలు ఫొటో. దండ లేదు, ఎర్ర బల్బు లేదు. గంధపు చెక్క దండ కవరుతో సహా అటక మీద కనిపించింది. దగ్గరికి వెళ్లి చూశాను, ఆ తెల్లటి మామిడి మొదలు ఉందో లేదోనని. ఉంది.

గోడవారగా చాప మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. పిడికెడు మనిషి. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా విమానాలామెవి? నన్ను చంపబోతుంటే ఆపావంట."

మైలవరం పిన్ని. ఎప్పుడు వచ్చిందో, ఎవరు తీసుకొచ్చారో నేను అడగలేదు. పక్కగదిలో వడ్డనకి విస్తళ్లు వేస్తున్న మేస్త్రి ఇటు చూడకుండానే వింటోందని తెలుస్తూనే ఉంది. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. బ్లేడు సాక్ష్యం చాలు, అయినా మనిషి నోటి మాట కూడా ఉంటే లెక్క పూర్తవుతుంది.

"ఆ ఫొటో తీసిన రోజు గుర్తుందా అండి?"

"ఎందుకు లేదు. విమానం చూద్దామని పరిగెత్తా. ఇది నడవనని పేచీ. కింద అంతా మందు ఒలికిపోయి ఉంది, కాళ్లకి అంటితే బొబ్బలెక్కుతాయని ఎత్తుకున్నా. ఏం బరువో అప్పటికే. ఆ రాత్రంతా నడుం పట్టేసింది."

"తర్వాత ఎప్పుడూ ఎత్తుకోలేదట కదండీ" అన్నాను. అనకూడదని తెలుసు, అనేశాను. పక్కగదిలో విస్తళ్ల చప్పుడు ఆగింది.

ముసలావిడ నా వైపు కాదు, ఆ గుమ్మం వైపు చూసింది. "పొద్దున లేస్తే తోటలో పని. ఎవరు ఎవరిని ఎత్తుకుంటారమ్మా. నిద్రపోయాక ఎత్తుకుని లోపల పడుకోబెట్టేదాన్ని. నిద్దట్లో దానికేం తెలుస్తది."

ఆ మాట నిజమో కాదో తేల్చడానికి ఫొటో లేదు. నేనైతే ఇంకో ప్రశ్న వేద్దును. మేస్త్రి వేయలేదు. బయటికి వచ్చి, పిన్ని ముందు ఆకు వేసి, నీళ్లు చల్లి, అన్నం వడ్డించింది. నా ముందు కూడా ఆకు వేస్తూ, ఎవరితో అంటున్నదో తెలియనట్టుగా అంది.

"ఇంక మా అమ్మ ఫొటో మాత్రం లేదండి."

విమానం సంగతి ఎంత తెలిసినా ఆ లోటు నేను పూడ్చలేను.

ముసలావిడ పప్పు కలుపుకుంటూ గోడ మీది ఫ్రేము చూసి గడ్డంతో చూపించింది. "అక్క మొహం, నా మొహం ఒకటే. నేను పోయాక దానికే వెయ్యి దండ. ఇద్దరికీ సరిపోద్ది."

మేస్త్రి నెయ్యి గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత వంగి, ముసలావిడ జారిన పైట భుజం మీదికి సర్ది, ఆకులో నెయ్యి వేసింది.

"మాట్లాడకుండా అన్నం తిను" అంది.